తొమ్మిది సెకన్ల మోత

పాతబస్తీ మొత్తంలో హెడ్ కానిస్టేబుల్ బాలనర్సింహ చెవిని మించిన చెవి లేదు.

ఇది నా మాట కాదు, లోకం మాట. గేదె దగ్గితే అది ఎవరి గేదో, ఎన్నో ఈతదో చెప్పేవాడు. పాలక్యాను మీద వేలితో ఒక్క దెబ్బ కొట్టి, ఇందులో మూడు చెంబుల నీళ్లున్నాయనేవాడు. ఉప్పుగూడ స్టేషన్లో రైలు ఆగితే, ఇంట్లో మంచం మీద పడుకునే, దిగినవాళ్లలో చెప్పుల్లేనివాళ్లు ఎందరో లెక్కగట్టేవాడు. చెవితో పట్టిన కేసులు ఇరవై మూడు. తప్పిన కేసు లేదు.

అలాంటి చెవికి తగ్గ కేసు ఒకటి వచ్చింది.

1999. దసరా మర్నాడు. ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు.

పోయిందన్న వస్తువు పోలేదు. కళ్లెదురుగానే ఉంది. దాని గొంతు పోయింది.

ఉప్పుగూడలోనే, రైలు పట్టాలకు రెండు సందుల ఇవతల అమరనాథ్ ఇల్లు. గుడివాడ వైపు నుంచి గవర్నమెంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన మనిషి. పాటల పిచ్చి. ఇంటి ముందు గదికి గోడల నిండా కోడిగుడ్ల అట్టలు కొట్టి రికార్డింగ్ థియేటర్ అన్నాడు. భక్తి పాటల క్యాసెట్లు తీస్తాడు. తలుపు పక్కన రైళ్ల టైములు రాసి పెట్టుకున్నాడు. రైలొచ్చినప్పుడల్లా పాట ఆగాలి మరి.

బాలనర్సింహ స్కూటర్ స్టాండు వేసి లోపలికి వెళ్లాడు. గది మధ్య బల్ల. బల్ల మీద దుప్పటి. దుప్పటి మీద నాలుగు తీగల ఎలక్ట్రిక్ బేస్ గిటార్. మీగడ రంగు ఎండి పసుపుకు తిరిగింది. తీగలు ముడిపడే చోట, బ్రిడ్జి మీద, అరచేయంత తెల్లలోహపు మూత తళతళలాడుతోంది.

"హెడ్డు గారూ, ఇది మా గిటారు కాదండి" అన్నాడు అమరనాథ్. "నకలు. అసలుది అమ్మేసుకుని దీన్ని పెట్టారు."

"ఎవరు?"

అమరనాథ్ పేరు చెప్పలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డ ఇస్సాకు వైపు చూశాడు.

ఇస్సాకు తొమ్మిదేళ్లుగా ఆ గిటారు వాయిస్తున్న మనిషి. నలభై ఏళ్లుంటాయి. ఆదివారం చర్చిలో, మిగతా వారమంతా ఇక్కడ.

"గొంతు మారిందని ముందుగాల చెప్పిందే నేను గదన్నా" అన్నాడు ఇస్సాకు బాలనర్సింహతో. "దొంగతనం జేసినోడే లొల్లి జేస్తడా?"

"తెలివైనవాడైతే ముందు వాడే చేస్తాడు" అన్నాడు అమరనాథ్, గోడకేసి.

మధ్యాహ్నం మూడింటికి క్యాసెట్ కంపెనీ మనిషి వస్తున్నాడు. అయ్యప్ప పాటలు. భక్తులు మాలలు వేసుకునే సీజన్ లోపల బజారులోకి రావాలి. పాతకాలపు పాటల్లో వినిపించే బొద్దు గొంతు బేస్ ఉంటేనే ఒప్పందమన్నాడు. అది ఈ ఒక్క గిటారులోనే ఉంది. మూడింటికల్లా తేలకపోతే కాగితం మీద సంతకం పెట్టి ఠాణాలో ఇస్తానని అమరనాథ్ ముందే చెప్పాడు. కాగితం జేబులోనే ఉంది. దాని మీద ఇస్సాకు పేరూ ఉంది. ఒకసారి ఎఫ్.ఐ.ఆర్. అయితే ఇస్సాకును ఇక ఏ స్టూడియో పిలవదు. చర్చిలో కానుకల పెట్టె తాళం కూడా ఇవ్వరు.

బాలనర్సింహ కుర్చీ లాక్కున్నాడు. ప్రశ్నలు మొదలయ్యాయి.

"థియేటర్ తాళాలెన్ని?"

"రెండండి. ఒకటి ఇతని దగ్గర. ఒకటి మా దేవుడి గదిలో మేకుకు."

"ఇస్సాకూ, నాలుగు రోజులు ఎక్కడున్నవ్?"

"జనగామ. అత్తగారింట్ల. పొద్దుగాల తొమ్మిదింటికి దిగిన. పదింటికి తాళం తీసిన."

"నువ్వు లేనప్పుడు దీన్ని ఎవరు ముట్టిన్రు?"

"ఎవరూ ముట్టలేదండి" అన్నాడు అమరనాథ్.

"నేనైతే ముట్టలేదు సార్" అన్నాడు మూలనున్న వేణుమాధవ్. కీబోర్డు వాయించే కుర్రాడు. అతడి కాలు ఆగకుండా ఊగుతోంది.

అమరనాథ్ భార్య లలితమ్మ టీలు తెచ్చింది. ఒక్కొక్కరి చేతికి అందించింది. ఇస్సాకు చేతికి ఇచ్చేటప్పుడు మాత్రం, తాగు తమ్ముడూ, చల్లారిపోతుంది అంది. ఇస్సాకు తీసుకున్నాడు. తాగలేదు.

పది నలభై రెండు. కాచిగూడ వైపు ప్యాసింజర్ వెళ్లింది. అద్దాలు అదిరాయి. అందరూ అలవాటుగా నోళ్లు మూసుకున్నారు. రైలు పోయాక అసలు కథ బయటికి వచ్చింది.

తొమ్మిదేళ్ల కింద సికింద్రాబాద్‌లో ఒక పాత క్లబ్బు మూతపడి సామాను అమ్మారు. మూడు బేస్ గిటార్లు. రెండు కొత్త పెళ్లికొడుకుల్లా ఉన్నాయి. మూడోది అరవైల నాటిది, అమెరికాలో చేసింది, తల మీది పేరు కూడా చెరిగిపోయింది. అమరనాథ్ ఆ రెండింటిలో ఎర్రదాన్ని పట్టుకున్నాడు. ఇస్సాకు కరెంటు కూడా పెట్టించలేదు. ఒక్కొక్కదాన్ని ఒళ్లో పెట్టుకుని, దవడ చెక్కకు ఆనించి, ఒక్కో తీగ లాగి చూశాడు. మూడోదాన్ని పక్కన పెట్టాడు. మెరుపు జూసి కొనేటట్లుంటే బిందె కొనుర్రి సార్ అన్నాడట.

ఇంటికి తెచ్చాక పదిహేను రోజులు దానితోనే కూర్చున్నాడు. వంగిన మెడను లోపలి ఇనుప కడ్డీ తిప్పి సరిచేశాడు. గొంతు మార్చే టోన్ బిళ్లను ముప్పావు తిప్పి మూసేసి, అక్కడే గీత గీశాడు. వేలికొసతో కాదు, బొటనవేలి కండతో మీటాలని కనిపెట్టాడు. బ్రిడ్జి జోలికి మాత్రం పోలేదు. ఆ మూత ఒక్కసారి కూడా విప్పలేదు. తీగలు మార్చలేదు. మోగేదాన్ని ముట్టొద్దని అతడికి నేర్పిన గురువు చెప్పాడట. ఆ గొంతంతా పాత చెక్కలో ఉందని ఇస్సాకు నమ్మకం.

"కండ్లు మూసుకో" అన్నాడు బాలనర్సింహ. గిటారు అతడి చేతికిచ్చాడు. "ఇప్పుడు చెప్పు. నీదేనా?"

ఇస్సాకు ఎడమచేత్తో మెడ తడిమాడు. చాలాసేపు తడిమాడు.

"మెడ మనదే అన్నా. అయిదో గడి కాడ చిన్న పెచ్చు లేచుంటది, ఉన్నది. తీగలే మనయి గావు. జారుతున్నయి. కొత్తయాటి లెక్కున్నయి."

"చూశారా, మెడ మార్చలేదు, తీగలు మారాయి అంటాడు" అన్నాడు అమరనాథ్. "ఏదో ఒకటి మార్చినట్టు వాడే ఒప్పుకుంటున్నాడు."

"ఒక తీగ కొట్టు. ఆపకు" అన్నాడు బాలనర్సింహ.

ఇక్కడ నేనొక మాట ఒప్పుకోక తప్పదు. బాలనర్సింహ ఎడమ చెవి పదకొండో ఏట దీపావళి బాంబుకు పోయింది. కుడిది ఉందంటే ఉంది. ఆ ఇరవై మూడు కేసుల్లో పద్నాలుగు తప్పిపోయిన గేదెలవి. అవి సాయంత్రానికి వాటంతటవే ఇల్లు చేరాయి. మిగతా తొమ్మిదింటిలో దొంగలు పక్కింటివాళ్లే. పాల నీళ్ల సంగతంటారా, ఆ పేటలో ఏ క్యానులోనైనా మూడు చెంబులుండేవి. చెప్పడానికి చెవి ఎందుకు?

కాబట్టి అతడు వినలేదు. అరచెయ్యి చెక్క మీద పెట్టాడు. రెండో చేతి వాచీ చూశాడు.

చెక్క వణుకుతూనే ఉంది. వణుకుతూనే ఉంది. ఆగింది.

తొమ్మిది సెకన్లు.

"పాత క్యాసెట్ ఏదన్న పెట్టున్రి. ఇదే గిటారు మోగింది."

అమరనాథ్ పెట్టాడు. బాలనర్సింహ స్పీకరు గుడ్డ మీద వేళ్లు ఆనించాడు. ధుప్. ధుప్. వేళ్లకు తగిలి, తగిలిన చోటే చచ్చిపోతోంది. ఒక్క సెకను లేదు.

నోటుబుక్కులో రాసుకున్నాడు. పాతది ఒకటి. ఇయ్యాల్టిది తొమ్మిది.

అప్పుడు వేణుమాధవ్ వైపు తిరిగాడు.

"నీకు గీ గిటారంటే పడదట?"

"పడకపోవడం ఏం లేదు సార్. కీబోర్డులోనే బేస్ ఉంది, ఇదెందుకు అన్నాను. అంతే."

"అంతేనా?"

కాలు ఊగడం ఆగింది.

"నిరుడు మొఘల్‌పురాలో ఒక మిస్త్రీ చేత దీనికి కాపీ చేయించాను. మా కాలేజీ బ్యాండు కోసం. కొలతలు రాత్రి పూట కాదు సార్, పట్టపగలే తీసుకున్నాను. ఇస్సాకన్న ముందరే."

"అచ్చం గిట్లనే ఉంటదా?"

"రంగు కూడా."

బాలనర్సింహ నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకున్నాడు.

"ఇప్పుడది ఏడున్నది?"

"జల్‌పల్లిలో మా ఫ్రెండింట్లో ఉంది సార్."

పదకొండు పదిహేనుకు స్కూటరు బయలుదేరింది. వేణుమాధవ్ వెనక సీటు మీద. దారంతా అతడు మాట్లాడలేదు. బాలనర్సింహకు అనుమానం ముదిరింది. మాట్లాడినా అతడికి వినపడేది కాదనుకోండి, అది వేరే సంగతి.

కొత్త కాలనీ. ఇంకా సున్నం వేయని ఇల్లు. మేడ మీదికి వెళ్లారు. రెండు వెదురుల మధ్య దండెం కట్టి ఉంది. ఒక వెదురు పొట్టిదైంది కాబోలు, దానికి ఆనించి మీగడ రంగు గిటారు నిలబెట్టారు. మెడ విరిగింది. తీగల్లేవు. దాని తలకు ఒక తువ్వాలు, రెండు బనీన్లు ఆరేసి ఉన్నాయి.

బాలనర్సింహ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

కాపీ ఇక్కడుంది. ఇంకో కాపీ చేయలేదని మొఘల్‌పురా మిస్త్రీ ఫోనులో ఒట్టు వేశాడు. అంటే ఉప్పుగూడలో బల్ల మీద ఉన్నది అసలుదే.

మార్పిడి జరగలేదు. దొంగతనం జరగలేదు. మరి గొంతు ఎవరు కోశారు?

పన్నెండు యాభైకి ఇల్లు చేరాడు. ఆకలి. తల్లి ఆండాలు కంచంలో అన్నం పెట్టింది. చారు పోసింది. పెరుగు మాత్రం లేదంది. నాలుగు గేదెలున్న ఇంట్లో పెరుగు లేదా అని అడిగాడు.

ముసలామె గొణుగుడు మొదలుపెట్టింది. మనవరాలు పూజిత పండగని ఇంట్లో అన్నీ తోమింది. అంతవరకు మంచిదే. పెరుగు తోడుపెట్టే మట్టికుండను కూడా లోపలంతా బూడిద వేసి గీకి కడిగిందట. ఇరవై ఏళ్ల కుండ. పైపైన కడగాలి గాని లోపల గీకుతారా? నాలుగు రోజుల నుంచి తోడుకోవడం లేదు. కుండ అదే, పాలు అవే.

"కమ్మదనం గా కుండ జిడ్డుల ఉంటది బిడ్డా" అంది ఆండాలు. "కడిగితే కుండ మిగులుతది. పెరుగు మిగలదు."

బాలనర్సింహ చెయ్యి నోటి దగ్గరే ఆగింది.

కుండ అదే. పాలు అవే.

అన్నం సగంలో లేచాడు.

రెండు గంటల అయిదు నిమిషాలు. థియేటరులో అందరినీ కూర్చోబెట్టాడు. అమరనాథ్, ఇస్సాకు, వేణుమాధవ్. గుమ్మంలో లలితమ్మ.

"మళ్లొకసారి అడుగుతున్న. నాలుగు రోజుల్ల దీన్ని ఎవరు ముట్టిన్రు?"

"ఎవరూ ముట్టలేదని పొద్దుటే చెప్పాను కదండీ."

"నిన్న దసరా. ఆయుధ పూజ జేసిన్రా?"

"చేయకుండా ఉంటామా? మైకులు, మిక్సరు, హార్మోనియం, తబలా, అన్నిటికీ చేశాం."

"పూజ చేసేముందు తుడుస్తరు. బొట్టు పెడతరు. ముట్టకుండనే పెడతరా?"

అమరనాథ్ నిజంగానే తెల్లబోయాడు.

"పూజ చేయడం ముట్టడమాండీ?"

"గిదీ సంగతి" అన్నాడు బాలనర్సింహ.

గిటారును కిటికీ వెలుతురులోకి జరిపాడు. లోహపు మూతకు అటొకటి ఇటొకటి, రెండు మరలు. జేబులోంచి సూది తీసి, ఎడమ మర గాడిలో గీశాడు. సూది మొనకు ఆవగింజలో సగం ఎరుపు అంటింది.

కుంకుమ.

"నిరుడు అన్నిటికీ చేసినా దీనికి చెయ్యలేదు కదండీ" అన్నాడు అమరనాథ్ నెమ్మదిగా. "ఇతను క్రైస్తవుడు. నొచ్చుకుంటాడేమోనని నేనే పక్కన పెట్టించాను. ఈ ఏడూ పెట్టమన్నాను."

"మీరు పెట్టమన్నరు. పక్కన పెట్టింది ఎవరు? దేవుడి గదిల మేకుకున్న తాళం తీసేది ఎవరు?"

మర విప్పాడు. రెండోది విప్పాడు. మూత తీసి తిరగేశాడు. లోపల అద్దంలా ఉంది. నాలుగంచులా పాత జిగురు గీత మాత్రం మిగిలింది. మధ్యలో ఏదో ఉండాల్సిన చోటు ఖాళీ.

"మొఘల్‌పురా మిస్త్రీని ఫోనుల మళ్ల అడిగిన. గీ మూత కింద చేసినోళ్లే స్పాంజి ముక్క అంటించి పంపిన్రు. తీగలను కింద నుంచి మెత్తగ పట్టుకుంటది. మోగంగనే నోరు మూస్తది. ధుప్. గది పోతే తొమ్మిది సెకన్లు. ఇస్సాకు తొమ్మిదేండ్లల్ల మూత తియ్యలే, గందుకే తెల్వదు. తీగల మీద ముప్పై ఏండ్ల జిడ్డు. గది గూడ పోయింది. మా అమ్మ పెరుగు కుండ లెక్క."

కుండ కథ మొత్తం చెప్పాడు.

గుమ్మంలో పళ్లెం కింద పెట్టిన చప్పుడు.

"నేను ముట్టలేదు బాబూ" అంది లలితమ్మ. "కడిగాను."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. నిరుడు అన్నిటికీ బొట్టు పెట్టి దీన్నొక్కదాన్ని మూలకు నెట్టినప్పటి నుంచి ఆమెకు ఏడాదంతా ముల్లు గుచ్చినట్టే ఉంది. రోజూ ఆమె చేతి టీ తాగే మనిషి గిటారు, బయటివాడి గిటారులా నిలబడింది. ఈసారి అతడు ఊళ్లో లేడు. అందుకని దసరా పొద్దున్నే ఆరింటికి తాళం తీసింది. మరలు విప్పి, చింతపండుతో మూత తోమింది. కిరోసిన్ గుడ్డతో ఒక్కొక్క తీగా రుద్దింది. పసుపు, కుంకుమ, పువ్వు, హారతి. మధ్యాహ్నానికి, అతడు వచ్చి చూస్తే ఏమనుకుంటాడోనని, అంతా తుడిచేసింది.

"మూత కింద చచ్చిన ఎలకలా నల్లగా ఏదో ఉంది తమ్ముడూ. ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. అదేదో చెత్తనుకున్నాను. చీపురుతో తీసి పారేశాను. గిటారు మారిపోయిందని వీళ్లు పొద్దున్నుంచీ అంటుంటే, కడిగితే వస్తువు మారిపోతుందా అనుకున్నాను."

ఇస్సాకు తల వంచుకున్నాడు. బల్ల మీది మూతను చేతిలోకి తీసుకున్నాడు.

"బొట్టు వెట్టినందుకు నాకేం రంది లేదక్కా. గా ఎలుక తోకనన్న దాచకపోతివి."

మొదట వేణుమాధవ్ నవ్వాడు. తర్వాత లలితమ్మ కొంగుతో మూతి దాచుకుంది. అమరనాథ్ నవ్వలేదు.

రెండు ఇరవై అయిదు. ఉప్పుగూడలో స్పాంజి దుకాణం లేదు. బాలనర్సింహ బయటికి వెళ్లి, స్కూటరు సీటు కింద బ్లేడుతో కోసి, పిడికెడు స్పాంజి తెచ్చాడు. వేణుమాధవ్ కొలిచి ముక్క కోశాడు. మూత కింద పెట్టి మర బిగించారు. ఇస్సాకు మీటాడు. నాలుగు సెకన్లు. స్పాంజి పలచనైంది. తీగలను అందుకోవడం లేదు.

కింద ఎత్తు పెట్టడానికి ఏదైనా కావాలన్నాడు ఇస్సాకు.

అమరనాథ్ జేబులో చెయ్యి పెట్టాడు. ఫిర్యాదు కాగితం తీశాడు. నాలుగు మడతలు పెట్టాడు. చాలదని ఎనిమిది చేశాడు. మూతకూ స్పాంజికీ మధ్య తానే సర్ది, తానే మర బిగించాడు. ఇస్సాకు అతడి వేళ్ల వైపు చూశాడు.

ధుప్.

ఒక్క సెకను.

ఇంకా తీగలు కాస్త కీచుమంటున్నాయి. జిడ్డు పోయింది కదా. ముప్పై ఏళ్ల జిడ్డు అరగంటలో ఎక్కడి నుంచి తేవాలి?

లలితమ్మ వంటింట్లోకి వెళ్లి, పండగ గారెలు మిగిలినవి పళ్లెంలో తెచ్చింది. ఇస్సాకు ఒకటి తిన్నాడు. రెండు తిన్నాడు. అయిదు తిన్నాడు. చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

"కడగొద్దు" అన్నారు నలుగురూ ఒక్కసారే.

మూడు గంటలకు కంపెనీ మనిషి వచ్చాడు. మూడూ పదికి పాట మొదలైంది. బొటనవేలి కండ, గారెల నూనె, స్కూటరు స్పాంజి, ఎనిమిది మడతల ఫిర్యాదు. కంపెనీ మనిషి కళ్లు మూసుకుని, పాతకాలం వచ్చేసిందన్నాడు. బాలనర్సింహ గోడ మీద అరచెయ్యి పెట్టి పాటంతా విన్నాడు.

ఆ క్యాసెట్ ఎంత అమ్ముడైందో నాకు తెలియదు. ఆ కాగితం మాత్రం ఇప్పటికీ ఆ మూత కిందే ఉంది. తీస్తే గొంతు పోతుందని ఇస్సాకు ఎవరినీ తియ్యనివ్వడు. దసరా వస్తే లలితమ్మ మూత మీద ఒక్క బొట్టు పెట్టి చేతులు వెనక్కి కట్టుకుంటుంది.

ఇందులో అబద్ధమెంత అని మీరు అడుగుతారు. గారెలు నిజం. స్పాంజి నిజం, ఆ స్కూటరు సీటులో గుంట ఉంది, కూర్చుని చూడండి. తొమ్మిది సెకన్లూ నిజమే.

కుంకుమ నేను కల్పించాను. డిటెక్టివ్ కథ అన్నాక ఒక క్లూ ఉండాలి కదా. నిజానికి బాలనర్సింహ జేబులో సూది లేదు. మర గాడిలో ఏమీ దొరకలేదు. అతడు పెరుగు కుండ కథ చెప్పి ఊరుకున్నాడు, ఆమె పళ్లెం కింద పెట్టి ఒప్పుకుంది. అంతే.

ముప్పై ఏళ్ల జిడ్డును ఒక్క పూటలో వదిలించిన ఇల్లాలు, మర గాడిలో కుంకుమ మిగులుస్తుందా?